తోలేవాడికి కాగితాలేంటి

డైరీలో కూడా రాయని సంగతి ఒకటుంది. ఆ మధ్యాహ్నం బెంగళూరు నుంచి వచ్చిన ఫోను ఎత్తింది నేను. "లేదండీ" అన్నది నేను. అమ్మకి చెప్పలేదు, అన్నయ్యకి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం భయం కాదు. చెబితే అందులోని తీపి కాస్త తగ్గిపోతుందేమోనని.

అప్పుడు నేను నల్లపాడు దగ్గర ఒక మిర్చి వ్యాపారి ఆఫీసులో పనిచేసేదాన్ని. కింద కోల్డ్ స్టోరేజి, పైన రెండు గదులు. కొత్తవాళ్ళు మెట్లెక్కేలోపే తుమ్మడం మొదలుపెడతారు. ఆయనకి ఒకప్పుడు ఒంగోలు గిత్తలుండేవి. బండలాగుడు పందేలకని ప్రకాశం జిల్లా అంతా తిప్పేవాడు. తర్వాత మట్టి ట్రాకు మీద బైకు రేసుల మోజు పట్టుకుంది. రెండు బైకులు కొన్నాడు, మెకానిక్‌ని పెట్టుకున్నాడు, టీముకి తన ఇంటిపేరే పెట్టాడు. గిత్తల కొట్టంలోనే బైకులు పెట్టించాడు. "సాయంత్రం కాస్త చిట్టు, తవుడు కూడా పెట్టమంటాడేమో," అని మెకానిక్ నవ్వేవాడు.

ఎడ్ల పందెంలో మైకువాడు అరిచేది యజమాని పేరు, ఆయన ఊరి పేరు. ఎడ్లని తోలినవాడి పేరు ఎవరికీ అక్కర్లేదు. రేసుల్లోనూ ఆయన అదే పద్ధతి నడిపించాడు. మైకువాణ్ణి ముందే పక్కకి పిలిచి చెప్పేవాడు. బైకు తోలి గెలిచేది మా అన్నయ్య, మైదానమంతా మోగేది ఆయన పేరు, 'ఫలానా గారి బండి' అని. అన్నయ్య హెల్మెట్ తీసి, ముఖం నిండా దుమ్ముతో నవ్వుతూ నిలబడేవాడు. అన్నయ్యకి అది చాలేమో. నాకు చాలేది కాదు.

పత్తి తీసేసిన చేలో ప్రాక్టీసు చేసేవాళ్ళు. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు పడుతుంది. చదును చేయించమని అన్నయ్య అడుగుతూనే ఉన్నాడు. ఒకరోజు ముందు చక్రం నెర్రెలో దిగింది. మోకాలి కింద ఎముక విరిగి బయటికొచ్చింది.

ఆయన బత్తాయిల సంచీ పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "బండికేం కాలేదురా, అదృష్టం," అన్నాడు మంచం పక్కన కూర్చుంటూ.

"మళ్ళీ ఎప్పుడెక్కిస్తారండీ మావాణ్ణి?" అని అమ్మ అడిగింది.

"కాలిరిగిన గిత్తని ఎన్నాళ్ళని మేపుతామమ్మా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెళ్తూ వెళ్తూ మంచం కిందున్న హెల్మెట్ తీశాడు. "ఇది కొత్త కుర్రాడికి సరిపోద్దిలే."

నేను బత్తాయి ఒలుస్తున్నాను. ఒలవడం ఆపలేదు.

అమ్మ చర్చి స్కూల్లో టీచరు. ఆ రోజు ప్రార్థనలో ఆయన్ని కూడా తలుచుకుని, క్షమించే మనసు ఇమ్మని అడిగింది. నేను ఆమెన్ అనలేదు. ఆ ఉద్యోగం మానెయ్యమంది, మానలేదు. ఎక్కడ కొడితే తగులుతుందో దగ్గరున్నవాళ్ళకే తెలుస్తుంది. క్యారేజీ తిన్నాక సొరుగులో దాచిన నవలలు చదువుకునేదాన్ని. వాటిలో పగబట్టినవాళ్ళు కత్తులు పట్టుకుని వస్తారు. నేను ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళకే వినపడదు.

కొత్త రైడర్ అద్దంకి వైపువాడు. మా అన్నయ్య హెల్మెట్ పెట్టుకున్నాడని మొదట్లో వాడి ముఖం చూడబుద్ధి కాలేదు. కానీ వాడు వరసగా గెలుస్తున్నాడు, ఆయన పేరు వరసగా మోగుతోంది. ఒకసారి ఆఫీసులో నీళ్ళు తాగుతూ, "గెలిచింది నేనా, బండా అక్కా? మా అమ్మ మైకులో సార్ పేరే వినీ వినీ, నువ్వసలు బండెక్కావా లేదా అంటంది," అన్నాడు.

ఆడిటరు ఆయనకి చెప్పి చూశాడు. "రైడర్‌తో అగ్రిమెంట్ రాయించుకోండి సార్. ఎవడో ఒకడు ఎగరేసుకుపోతాడు."

ఆయన పడీ పడీ నవ్వాడు. "ఎడ్లు కొంటే రసీదు తీసుకుంటాం. తోలేవాడికి కాగితాలేంటయ్యా!"

నేను విన్నాను. టీ గ్లాసులు తీసుకెళ్ళి కడిగాను.

ఒంగోలు రేసు దగ్గర పడుతుండగా ఆ ఫోను వచ్చింది. బెంగళూరులో ఒక పెద్ద టీము మేనేజరు, ఆడగొంతు. అద్దంకి కుర్రాడు తమతో రావడానికి ఒప్పుకున్నాడట. "మీతో అగ్రిమెంట్ ఏమైనా ఉందాండీ? గొడవలు మాకొద్దు, అందుకని ముందే అడుగుతున్నాం."

ఆయన కింద ఎవరితోనో బేరమాడుతున్నాడు, కేకలు పైకి వినపడుతున్నాయి. నేనెప్పుడూ ఇచ్చే జవాబు ఒకటే, 'సార్‌ని అడిగి చెప్తానండీ' అని. అది నోటిదాకా వచ్చింది.

"లేదండీ," అన్నాను.

"ఏదీ లేదా?"

"ఏదీ లేదు. నోటిమాటే." ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, నేనే ఒకటి అడిగాను. "మీ దగ్గర రైడర్ పేరు మైకులో చెప్తారాండీ?"

ఆవిడ నవ్వింది. "జెర్సీ వెనకాల కూడా వేస్తాం."

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇప్పటికీ నాకు అదే తియ్యగా ఉంటుంది.

రేసుకి ముందురోజు కుర్రాడు హెల్మెట్ తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఒరేయ్, నా బండి మీద ఎక్కి మనిషివయ్యావురా!" అని ఆయన అరిచాడు. "బండి మీకే వదిలేస్తున్నాను కదండీ," అన్నాడు వాడు, మర్యాదగానే.

ఆయన ఆగలేదు. మర్నాడు ఒంగోలులో షామియానా వేయించాడు, మిర్చి యార్డులోని వ్యాపారులందరినీ పిలిచాడు, బైకుకి పూలదండ వేయించి ట్రాకు దగ్గర నిలబెట్టాడు. ఎవణ్ణో ఒకణ్ణి ఎక్కించొచ్చనుకున్నాడు. పేర్లు చూసుకునే అధికారి తలడ్డంగా ఊపాడు.

"ఎంట్రీ రైడర్ పేరు మీదుంటుందండీ. మీకిప్పుడు రైడర్ లేడు కదా."

"బండి ఉందిగా! బండి నాదయ్యా!"

"ఇది బండి పోటీ కాదండీ, మనిషి పోటీ."

అందరూ విన్నారు. "ఏం బావా, బండొక్కటే పరిగెత్తుద్దా?" అని ఎవరో వ్యాపారి కేకేశాడు. షామియానా అంతా నవ్వింది. నేను వెనక నిలబడి మజ్జిగ తాగుతున్నాను. అంత చల్లటి మజ్జిగ మళ్ళీ ఎప్పుడూ తాగలేదు.

రేసు మొదలైంది. మైకులో అద్దంకి కుర్రాడి పేరు వినపడింది, వాడి సొంత పేరు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దండ వేసిన బైకు వైపే చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. అప్పుడు అడిగిందే నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట, మర్నాటి నుంచి నేను ఆ మెట్లెక్కలేదు. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, మీ అన్నయ్య కాలు ఇప్పుడెట్టా ఉందమ్మా? బండెక్కగలడంటావా?"