చింతపండుతో తోమిన ఉక్కు నాణెం

1976 సెప్టెంబరు 9, గురువారం, ఉదయం పదీ నలభై. ఈ పొద్దున పులుసు కోసం నానబెట్టిన చింతపండు పిసుకుతుంటే ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలి, వారంతో, గంటతో సహా ఆ రోజు గుర్తుకొచ్చింది. మనుషుల ముఖాలు మరిచిపోతాను గాని తేదీలు మరిచిపోను. నాకు పని నేర్పిన లచ్చవ్వను మీరెవరూ చూసి ఉండరు. ఆమె గురించి రాయాలంటే నేను చేసిన ఒక పని గురించి కూడా రాయాలి. అది మంచి పని కాదు.

వరంగల్ కాశిబుగ్గలో లచ్చవ్వకు పాత సామాను కొనే దుకాణం ఉండేది. ఆమె భర్త కంచు గిన్నెలు పోతపోసేవాడు. ఆయన పోయాక కొలిమి ఆర్పేసి అదే గదిలో తక్కెడ పెట్టుకుని కూర్చుంది. నర్సంపేట వైపు రైతులు పత్తి అమ్ముకోవడానికి వచ్చినప్పుడు అమ్మమ్మల నాటి రాగి బిందెలు, నిజాం కాలపు నాణేలు మూటగట్టి తెచ్చేవారు. లచ్చవ్వకు చదువు రాదు. వస్తువును చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకునేది. తర్వాత బండ మీద వేసి చప్పుడు వినేది, అయస్కాంతం ఆనించేది, ఆఖరున తూచేది. ఈ వరుస ఏనాడూ తప్పలేదు. పదో తరగతి చదివిన నేను 1973 జూన్ నుంచి అక్కడ చీటీలు రాసేదాన్ని: ఏ లోహం, ఎంత బరువు, ఏ ఊరి నుంచి వచ్చింది. ఎప్పటికైనా ఆ తక్కెడ ముందు పీట మీద కూర్చుని ఆమెలాగా ధర చెప్పాలని నా ఆశ. మూడేళ్ళు చీటీలే రాశాను.

నేర్పలేదని అనను. 1974 వేసవిలో జింకు పూత ఉన్న బకెట్టు మీద మరక పడితే నేను చింతపండు పెట్టి రుద్దుతున్నాను. లచ్చవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఏం జేత్తానవే? రాగి బిందె అనుకున్నవా? రాగికైతే చింతపండు మంచిగనే ఉంటది. జింకుకు పెట్టినవంటే తోలు ఊడొస్తది. సూడు, ఎట్ల నురుగు కక్కుతాందో.”

నిజంగానే సన్నని బుడగలు లేచాయి. మూడో రోజుకు అక్కడ తుప్పు. నేను చీటీ వెనక ఆ సంగతి రాసి పెట్టుకున్నాను.

రాజమణి 1975 అక్టోబరులో పనికి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, మూడో తరగతితో చదువు ఆపేసింది. తండ్రి కాజీపేట స్టేషన్లో హమాలీగా చేసి అంతకు ముందు ఏడే పోయాడు. నెల తిరగకుండానే లచ్చవ్వ ఆమె చేతిలో వస్తువులు పెట్టడం మొదలుపెట్టింది. “కండ్లు మూసుకో. ఏంది గిది?” అని అడిగితే, “కంచు అవ్వా. అంచుకు ఇత్తడి అతుకేసిండ్రు” అని చెప్పేది. తప్పేది కాదు. లచ్చవ్వ పగలబడి నవ్వేది. “సుగుణ రాసుకుంటది. ఇగో, ఈ పోరి చేతికే ఎరుకైతది” అనేది. సుగుణ అంటే నేను. ఆ ఏడాదిలో నేను వింటుండగా రాజమణిని పద్నాలుగు సార్లు మెచ్చుకుంది. నన్ను రెండు సార్లు. అందులో ఒకటి నా దస్తూరీని.

ఆ గురువారం రాజమణి గుడ్డ మూటలోంచి ఒక నాణెం తీసింది. యుద్ధం నడిచేటప్పుడు కాజీపేటలో ఆగిన రైల్లో ఒక తెల్ల సిపాయి పెట్టె మోసినందుకు ఆమె తండ్రికి ఇచ్చి పోయాడట. “వెండిదని మా అమ్మ పానం లెక్క దాసింది అవ్వా” అంది. లచ్చవ్వ కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. బండ మీద వేస్తే వెండి చప్పుడు రాలేదు. అయస్కాంతం దగ్గరికి తీసుకుపోగానే టక్కున అంటుకుంది.

“వెండి గిట్ల అంటుకోదు బిడ్డా. సుగుణా, ఏం రాసున్నదో సదువు.”

ఒక వైపు గడ్డం ఉన్న మనిషి తల, 1943 అన్న అంకె. రెండో వైపు రెండు గోధుమ కంకులు, మధ్యలో వన్ సెంట్ అని ఇంగ్లీషులో. నాణేలు తూచే చిన్న తక్కెడలో బరువు 2.70 గ్రాములు. చదివి చెప్పాను.

“గదే! మన కాడ పాత నాణేలు కొనే హైదరాబాదు షావుకారు ఓపాలి చెప్పిండు. అమెరికోళ్ళకు యుద్ధంల రాగి తూటాలకే సాలకపాయెనట. గా ఒక్క ఏడు పైసలు ఉక్కుతోని కొట్టి మీద జింకు పూసిండ్రట. దీని మెరుపు ఇంక పోలే.” లచ్చవ్వ నాణెం రాజమణి చేతిలో పెట్టి ఇలా అంది: “ఆదివారం షావుకారు వస్తడు. ఆ దినం తక్కెడ కాడ నువ్వే కూసో. ఇది ఏందో, ఎట్ల కనుక్కున్నమో నువ్వే చెప్పు. మంచిగ చెప్పినవా, ఇగ పీట నీదే.”

మూడేళ్ళ మూడు నెలలు నేను చూసిన పీట అది.

మధ్యాహ్నం లచ్చవ్వ అన్నానికి ఇంటికి పోయింది. రాజమణి నాణేన్ని వెలుతురుకు పెట్టి చూస్తోంది.

“సుగుణక్కా, జర మసకగున్నది గదా. చింతపండుల నానబెట్టి తోముకొస్తే షావుకారు ఇంక రెండు పైసలు ఎక్కువిస్తడేమో?”

నాకు బకెట్టు గుర్తుంది. తేదీతో సహా గుర్తుంది.

“నన్నడుగుతవేంది? చేతికి ఎరుక ఉన్నదానివి నువ్వు” అన్నాను.

“పో అక్కా, నీకు ఎప్పుడూ పరాచికాలే” అని నవ్వి నాణెం కొంగున ముడేసుకుంది. వద్దు అన్న ఒక్క మాట చాలు. నేను తల వంచుకుని చీటీ మీద అంకెలు దిద్దుతూ కూర్చున్నాను.

ఆదివారం రాజమణి కొత్త రవిక తొడుక్కుని పీట మీద కూర్చుంది. మూట విప్పింది. నాణెం మీద ఎండిన మట్టి రంగు, గడ్డం మనిషి చెంప మీద తుప్పు మచ్చలు. షావుకారు భూతద్దం పెట్టి చూసి వెంటనే తీసేశాడు.

“అరె, తోమిండ్రా దీన్ని? తోమకుంటే ఐదు రూపాయలిద్దును. ఇసొంటివి కోట్లల్ల కొట్టిండ్రమ్మా, కొత్తగుంటెనే కిమ్మత్. ఇప్పుడిది ఇనుప రేకు.”

లచ్చవ్వ రాజమణి వైపు తిరిగింది. “ఎవలు చెప్పిండ్రే తోముమని?”

నేను చీటీల కట్ట సర్దుతున్నాను.

“ఎవ్వలు చెప్పలేదవ్వా. నేనే తోమిన. ఎవ్వల్నీ అడగలే.”

అడిగింది. నన్నే అడిగింది. అలా అన్నప్పుడు నా వైపు చూడను కూడా లేదు. ఆమె స్థానంలో ఉంటే నేను అలా అనేదాన్ని కాదు. అది తెలిసి అక్కడ కూర్చునే ఆమె మీద ఇంకా కుళ్ళుకున్నాను. లచ్చవ్వ నాణేన్ని మళ్ళీ తూచింది: 2.68.

మర్నాటి నుంచి రాజమణి రాలేదు. మూడు వీధుల అవతల మగ్గాల వాళ్ళ దగ్గర నూలు కండెలు చుట్టే పనికి కుదిరిందని తెలిసింది. బుధవారం లచ్చవ్వ పీటను నా వైపు జరిపింది.

“కూసో. గెలిచిన అనుకునేవు. బకెట్టు యాదికున్నదా?”

“ఉన్నది.”

“ఉన్నదని నాకెరుకే. అన్నీ కడుపుల పెట్టుకొని కూసున్నవు. ధర చెప్పే కాడ నోరు మూసుకునేటోళ్ళుంటే వచ్చినోళ్ళు ఏం గావాలె? ఇగ నుంచి ఎవ్వలు ఏది తెచ్చినా, తోమకుండ్రి అని ముందుగాల చెప్పు. చెప్పినంకనే ముట్టుకో.”

అరవలేదు. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. లోహాల సంగతి ఆమెకు తెలిసినదంతా నాకు నేర్పింది. కాని ఏ రోజూ నా చేతిలో వస్తువు పెట్టి కళ్ళు మూసుకోమని అడగలేదు. రాజమణి ఇంటికి నేను పోలేదు. పోయి తప్పు ఒప్పుకుంటే ఆమె ఆ క్షణమే మన్నిస్తుంది. అందులోనూ ఆమెదే పైచెయ్యి అవుతుంది. ఆ మాట తలుచుకుంటేనే కాళ్ళు ఆగిపోయేవి.

1985 ఫిబ్రవరిలో లచ్చవ్వ దవాఖానలో పడింది. కళ్ళు తెరవలేకపోతోంది. నేను చెయ్యి పట్టుకుంటే వేలికొనలు తడిమింది.

“సుగుణవా? రాజమణి రాలే?”

కబురు పంపానని అబద్ధమాడొచ్చు. ఈసారి లేచి, ఆ మూడు వీధులు దాటి పోయాను. చింతపండు సంగతి వాకిట్లోనే చెప్పేశాను. రాజమణి చుట్టుతున్న కండె పక్కన పెట్టి, “నాకు ఆ దినమే ఎరుకైంది అక్కా. ఏ వార్డు?” అంది.

ఆమె చెయ్యి తగలగానే లచ్చవ్వ ముఖం వెలిగింది. “వచ్చినవానె రాజమణీ” అంది, ఎవరూ పేరు చెప్పకుండానే. రెండూ ఇరవై నుంచి నాలుగున్నర దాకా ఆ చెయ్యి వదల్లేదు. నేను బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూశాను. నాలుగు రోజులకు ఆమె పోయింది.

దుకాణం 1987 సెప్టెంబరు దాకా నడిపాను. ఇప్పటికీ ఇరుగుపొరుగు వాళ్ళు పాత వస్తువేదైనా చూపిస్తే, తోమకండి అన్నాకే చెయ్యి చాపుతాను. అది లచ్చవ్వ పెట్టిన అలవాటు. ఆ రెండు గంటల పది నిమిషాలు తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు కడుపు మండుతుంది. అది నేను పెట్టుకున్నది.

పోయినవి: నాణెం మీది జింకు, గ్రాములో వందో వంతులు రెండు. ఐదు రూపాయలు. నేనూ రాజమణీ మాట్లాడుకోని ఎనిమిదేళ్ళ అయిదు నెలలు. తక్కెడ ముందు రాజమణి కూర్చోవలసిన పదకొండేళ్ళు.