సిట్కీ వేళ్ళ తప్పు

గిటార్ ఏ పాపం చేసినా అది తనదేనని ఒప్పేసుకోవడం సిట్కీకి ఉన్న ఒకే ఒక్క జబ్బు. తీగ తెగితే గోళ్ళు పెరిగాయనేవాడు. శ్రుతి దిగజారితే మధ్యాహ్నం తిన్న వంకాయ పడలేదనేవాడు.

అది, వాద్యాలు చేయడంలో ఊరందరూ ఉస్తా అని పిలిచే పెద్ద పనివాడు హిఫ్జీ, తన జన్మలో చేసిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్. అంతవరకూ ఆయన చేసినవన్నీ పొడుగు మెడ సాజ్ వాద్యాలే. మల్బరీ చెక్క చిత్రిక పట్టి, శబ్దం పట్టుకునే చుట్ట కోసం చెడిపోయిన ఫ్రిజ్ మోటారులోంచి లాగిన రాగితీగ చుట్టాడు. తీగచుట్టకు మైనం పట్టించమని ఎవరో అంటే, "వాద్యానికి ఊపిరాడొద్దూ?" అని కసిరాడట. ఊపిరి మరీ ఎక్కువే ఆడింది. దాని పక్కన ఎవరు గుసగుసలాడినా ఆ మాట పెద్ద స్పీకర్లోంచి వినిపించేది.

మెర్సిన్ ఊరి సముద్రపొడ్డున, కుటుంబాలు వచ్చి కూర్చునే టీ తోటలో సిట్కీ వాళ్ళ బృందం వాయించేది. ఓ సాయంత్రం విరహగీతం మధ్యలో స్పీకరు, "ఆ లావుపాటాయనకి పొద్దుటి టీయే వేడిచేసి పొయ్యి, ఆయనకేం తెలుస్తుంది" అంది. వెయిటరు గిటార్ పక్కనుంచి పోతూ తోటివాడితో అన్న మాట అది. లావుపాటాయన లేచి నిలబడ్డాడు.

"క్షమించండి, నేనే అన్నాను," అన్నాడు సిట్కీ.

"నీ పెదాలు కదల్లేదే?"

"కదపకుండా మాట్లాడ్డం నాకున్న దురలవాటండీ."

డ్రమ్ములు వాయించే జాహిత్‌కు ఇవన్నీ చూస్తుంటే కడుపు మండిపోయేది. ఇస్తాంబుల్ నుంచి రికార్డుల కంపెనీ పెద్దమనిషి వాళ్ళ పాట వినడానికి వస్తున్నాడు. రికార్డు మీద తన పేరు చూసుకున్నాకే పెళ్ళని జాహిత్ శపథం పట్టి కూర్చున్నాడు. పిల్ల తండ్రికి ఓపిక నశిస్తోంది.

"ఆ ఒక్క సాయంత్రానికి అదానా నుంచి మంచి గిటార్ అద్దెకి తెద్దాంరా," అన్నాడు.

"దీనికేమైంది?"

"నిన్న పాట మధ్యలో ఫుట్‌బాల్ స్కోరు చెప్పింది."

"గల్లాపెట్టె దగ్గర రేడియో విని నేనే చెప్పాను. ఆపుకోలేకపోయాను."

పెద్దమనిషి వచ్చాడు. మర్యాద చేద్దామని ఆయన కుర్చీ సరిగ్గా గిటార్ పక్కనే వేశారు. రెండో పాట మంచి పాకాన పడింది. ఆయన తృప్తిగా తలూపుతూ పక్కవాడి వైపు వంగాడు. స్పీకరు తోటంతా దద్దరిల్లేలా, "పాట బావుంది గానీ ఆ డ్రమ్ములవాణ్ణి సముద్రంలో పారెయ్యాలి" అంది.

జనమంతా ఆయన వైపు తిరిగారు. సోడా గ్లాసు ఆయన మూతి దగ్గరే ఆగిపోయింది.

"నేనే అన్నాను," అన్నాడు సిట్కీ. "జాహిత్, ఏమీ అనుకోకు."

పెద్దమనిషి టై సర్దుకుని లేచాడు. "ఆ గిటార్ పిశాచాన్ని మార్చుకుంటే శుక్రవారం మళ్ళీ వింటాను. లేకపోతే లేదు," అని వెళ్ళిపోయాడు.

నిజం మొహానే చెప్పేద్దామని మర్నాడు జాహిత్ ఉస్తా కొట్టుకు వెళ్ళాడు. ఉస్తా కొత్త చెక్కను గీకుతున్నాడు.

"రా బాబూ, సమయానికొచ్చావు. నీ స్నేహితుడి సంగతి నీకు కాక ఎవరికి చెప్పను? సిట్కీ బంగారంలాంటి పిల్లాడే, కానీ సంగీతం వాడి ఒంటికి పడదు. రోజూ వచ్చి, ఇవాళ ఫలానా తప్పు చేశాను ఉస్తా అని తల దించుకుని నిలబడతాడు. మా ఆవిడ పోయాక ఈ కొట్టు మూసేద్దామనుకున్నాను. మూస్తే ఆ వేళ్ళకి గిటార్ చేసిచ్చే దిక్కెవరు? వాడి తప్పులన్నీ కాసుకునేలా ఇంకోటి చేస్తున్నాను."

ఉస్తా గీకడం ఆపి తలెత్తాడు.

"నువ్వు పక్కనే ఉంటావుగా, నిజం చెప్పు. అంత ఘోరంగా వాయిస్తాడా?"

జాహిత్ కళ్ళముందు రికార్డు ఒక్కసారి గిర్రున తిరిగి ఆగిపోయింది.

"మహా ఘోరం ఉస్తా," అన్నాడు. "నా తాళం అంతకంటే ఘోరం. మీరింకో పదేళ్ళు కొట్టు మూయడానికి వీల్లేదు."