స్నానాల గదిలో పలక రాయి

శుక్రవారం, పొద్దున ఆరు గంటలు. చెన్నపట్నంలో మేము దిగిన లాడ్జి గోడ గడియారం ఆరు కొట్టడం పూర్తికాకముందే, మేడమీది స్నానాల గదిలోంచి ఒక ముసలామె కేక వినిపించింది. తొట్టిలో ముంచబోతే చెంబు రాయికి తగిలిందట. ఒకటి కాదు, రెండు. నల్లటి దిమ్మెలు, ఒక్కోటి మేకపిల్లంత. నీళ్లన్నీ బూడిద రంగు.

ఆ రాళ్లు మావి.

తారీఖు, సంవత్సరం అడగొద్దు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. అంతకు ముందు జరిగినవాటిని వారంతోనూ గడియారం మోతతోనూ గుర్తు పెట్టుకోవడమే తెలుసు. మదరాసు గవర్నమెంటు కింద ఉన్నాం, తెల్లదొరలు ఇంకా పోలేదు. అంతవరకు చాలు.

మార్కాపురం పక్కన పలకల గనిలో నేనూ మా మేనమామా పనిచేసేవాళ్లం. బడిపిల్లలు రాసుకునే పలకలు అక్కడినుంచే పోయేవి. వాటిమీద రాయడం మాకెవరికీ రాదు. పాలు పితికేవాడి పిల్లలు గంజి తాగడంలో వింతేముంది? గని కౌలు ఊళ్లోని ఒక సావుకారుది. ఆ ఏడు సరుకు కదలలేదు. చివరికి పట్నం వర్తకుడొకడు కబురు పంపాడు. పలకలు చూపించొద్దు, ఎవరో చేసినవి తెచ్చి మావే అంటారు. రాయినే తెచ్చి నా ముందర చీల్చండి, రేకు పలుచగా లేస్తే బేరం, లేకపోతే లేదు అన్నాడు. బేరం పోతే గని మూత. గని మూస్తే సావుకారుకు దుకాణం ఉంది. మామకూ ఆయన చేతికింది మా పేట మనుషులకూ మిరపచేలలో కూలి ఉంది, అది కూడా పిలిస్తేనే.

పలక రాయి గనిలో ఉన్నప్పటి తడి ఆరనంతవరకే మాట వింటుంది. ఎండిందంటే ఉలి పెట్టినచోట కాక తన ఇష్టమొచ్చినచోట పగులుతుంది. అందుకే గనిలో రాయి చీల్చే ప్రతివాడి పక్కనా ఒక నీళ్లగుంట ఉంటుంది. మేము రెండు దిమ్మెలను తడి గోనెల్లో చుట్టి, రైలు ఆగిన చోటల్లా నేను దిగి నీళ్లు తెచ్చి పోస్తూ పట్నం చేర్చాం. పసిబిడ్డను కూడా ఎవరూ అంత భద్రంగా తీసుకురారు.

సావుకారు లాడ్జిలో గది ఒక్కటే తీసుకున్నాడు. మార్కాపురంలో ఆయన ఇంటి అరుగు కూడా ఎక్కని పేటవాళ్లం, క్రైస్తవులం, పట్నంలో ఆయన మంచం పక్కనే చాప పరుచుకున్నాం. రెండో గది అద్దె కన్నా ఆచారం వదులుకోవడమే చవకని రైల్లోనే లెక్క తేల్చుకున్నట్టున్నాడు. వీళ్లెవరని మేనేజరు అడిగితే, మావాళ్లేనన్నాడు. మెట్లెక్కుతూ మామను "అన్నా, పైలం" అన్నాడు. ఊళ్లో ఆయన నోట మామ ఎప్పుడూ "ఒరే"నే. ఆ "అన్న" ఇంకెవరో అనుకుని మామ వెనక్కి తిరిగి చూశాడు.

మేడమీది గదులన్నిటికీ స్నానాల గది ఒక్కటే. మాకు స్నానమంటే వాగు, బావి, గనిలో గుంట. నాలుగు గోడల మధ్య గడియ పెట్టుకుని ఒళ్లు కడుక్కునేవాళ్లు ఉంటారన్నది మామ ఊహకు అందని సంగతి. సాయంత్రం ఆ గదిలో నిండుగా నీళ్లున్న తొట్టిని చూసి ఆయన తృప్తిగా తలూపాడు. సంతకు వచ్చినవాళ్ల ఎద్దులకు సత్రం దగ్గర తొట్టి కట్టినట్టే, సరుకు తెచ్చుకున్నవాళ్ల కోసం ఇక్కడ ఇది కట్టారని తేల్చాడు. నాకూ సబబుగానే తోచింది. దిమ్మెలు తొట్టిలోకి దించాం.

కేక వేసిన ముసలామె నెల్లూరి వైపు మనిషి, రామేశ్వరం పోతోంది. మడినీళ్ల కోసం అందరికన్నా ముందు లేచింది. ఆమె వెనక, హైకోర్టులో దావా ఉన్న ఒక పంతులుగారు భుజాన తువ్వాలు, నోట్లో వేపపుల్లతో నిలబడ్డారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆ నీళ్లలో ఎవరి చేతులు పడ్డాయని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే రాళ్ల సంగతి మరిచిపోయేవాళ్లే. రాళ్లెవరివని మాత్రం అడిగారు. సావుకారు పంచె సర్దుకుంటూ వచ్చి, తొంగి చూసి, తనకేం తెలియదన్నాడు. అయితే వాటిని డాబా మీద పడేయిస్తానన్నాడు మేనేజరు. అది ఎండాకాలం. వర్తకుడు వస్తానన్నది ఎనిమిదింటికి.

మామ లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

పంతులుగారు కోర్టు వేళ అవుతుందన్నారు. ముసలామె ఖాళీ చెంబుతో గోడకు ఆనుకుంది. మీ మనిషే కదా, మీరే చెప్పండని మేనేజరు సావుకారును ముందుకు తోశాడు. ఆయన మొదట మర్యాదగానే పిలిచాడు.

"అన్నా, తలుపు తియ్యన్నా. పెద్దమనుషులు నిలబడినారు."

"ఇప్పుడు తియ్యను సావుకారూ. ఎండలో పడేస్తే రాయి చచ్చిపోతాది."

"వాళ్లు స్నానాలు చెయ్యాలంట."

"చెంబులు ఇయ్యమను. కిటికీలోంచి ముంచి ఇస్తా."

ఆ ఉపకారం ఎవరికీ నచ్చలేదు. సావుకారు ఓపిక అంతటితో సరి.

"ఒరే, తియ్యిరా నా కొడకా. మీ పేటోడు ఒక్కడు గని దిగితే చూడు."

పంతులుగారు వేపపుల్ల నమలడం ఆపారు. అన్నను ఎవరూ అట్లా పిలవరు. కోపం వచ్చి పిలిచినా, మీ పేటోడు అనరు. మేనేజరు సావుకారును చూశాడు, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "వీళ్లు మీవాళ్లేనా శెట్టిగారూ?" అన్నాడు. సావుకారు గోడమీది బల్లిని చూస్తూ నిలబడ్డాడు.

చెప్పిన వేళకన్నా ముందే వర్తకుడు మెట్లెక్కి వచ్చింది అప్పుడే. గొడవేమిటో విన్నాడు, నవ్వలేదు. రాయి లోపలే ఉంటే అక్కడే చీల్చమన్నాడు. నేను ఉలీ సుత్తీ తెచ్చాను. మామ గడియ తీశాడు.

తడినేలమీద దిమ్మెను నిలబెట్టి, అంచున ఉలి ఆనించి మెల్లగా కొట్టాడు. రాయి నోరు తెరిచింది. రేకు లేచింది, దాని వెనకే ఇంకొకటి. వర్తకుడు గోటితో తట్టి మోత విన్నాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. వేసవంతా సరుకు పంపమన్నాడు. పంతులుగారు మాత్రం వేపపుల్ల తీసి, ఇక స్నానం చెయ్యొచ్చా అని అడిగారు.

"రాయి ఎవరిది?" అన్నాడు వర్తకుడు.

తనదేనన్నాడు సావుకారు. ఇందాక తెలియదన్నది కూడా ఆ నోరే.

మామ ఉలి తుడుచుకుంటూ, "రాయి మీదే సావుకారూ. తొట్టి ఖరాబు చేసింది మాత్రం మేమే" అన్నాడు.

మేనేజరు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. తొట్టి మా ఇద్దరిచేతా తోమించాడు. మేము తోమినందుకు దాన్ని శుద్ధి చెయ్యాలని ఒక అయ్యవారిని పిలిపించాడు. మమ్మల్ని వెనక మెట్లమీదుగా పొమ్మన్నాడు. సావుకారు గదిలోనే ఉండిపోయాడు, అద్దె కట్టింది ఆయనే కదా. మేము రైలు వేళదాకా స్టేషన్లో కూర్చున్నాం. మామకు అవమానం తోచిందో లేదో నాకు తెలియదు. గని మూతపడదు, ఆయనకు అది చాలు. ఒక్కసారి మాత్రం, "ఆ అవ్వ స్నానం చేసిందో లేదో" అన్నాడు.

ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. పేర్లు కొన్ని తెలుసు గానీ రాయను, వాళ్ల మనవలు నా ఇంటిమీదికి వస్తారు. రామేశ్వరం పోయే అవ్వ. దావా పంతులుగారు. లాడ్జి మేనేజరు. శుద్ధికి వచ్చిన అయ్యవారు. పలకలు కొన్న వర్తకుడు. మా సావుకారు. ఆ వేసవంతా మా పేటవాళ్లను వెంటబెట్టుకుని గని దిగిన మా మామ. నేను.