జాకెట్టు గుడ్డ వేసిన అభ్యంతరం

కోర్టు గుమ్మం తొక్కకుండానే కేసు ఎలా ఓడిపోవాలో తెలుసుకోవాలంటే నన్నడగండి. షార్జాలో మా అమ్మాయి ఇంట్లో కూర్చునే ఆ ఘనకార్యం చేశాను.

మా ఊరి మునిసిపాలిటీ బాండ్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. పంతులమ్మగా కూడబెట్టినవి. వాటి వడ్డీయే నా చేతి ఖర్చు. ఇప్పుడు మునిసిపాలిటీ వారు తక్కువ వడ్డీకి కొత్త బాండ్లిచ్చి పాతవి రద్దు చేస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్లు గడువులోగా కోర్టులో వేయాలి, దాటితే మరెవరూ నోరెత్తకూడదని పేపర్లో ప్రకటన. ప్లీడరైన మా తమ్ముడు హైదరాబాదు నుంచి ఆ ముక్క కత్తిరించి పంపాడు. "అక్కయ్యా, కోర్టుకిచ్చే అభ్యంతరం కాగితం రాసి, సంతకం పెట్టి వెంటనే పంపు" అన్నాడు. అది నా చేతికొచ్చేసరికి గడువు దగ్గరపడింది.

పోస్టును నమ్మితే ఖలాస్. అదృష్టం కొద్దీ ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలో పనిచేసే మల్లయ్య సెలవు మీద కరీంనగర్ వెళ్తున్నాడు. దారిలో మా తమ్ముడికి ఇచ్చి పోతానన్నాడు. నాకు కాలు నిలవలేదు. కాగితం నలగకుండా అట్ట పెట్టి, నోటుబుక్కుకు వేసినట్టు ఖాకీ కాగితం చుట్టాను. అంతటితో ఊరుకోక, అతను భార్యకు కొన్న జపాన్ పూల జాకెట్టు గుడ్డకూ అట్ట పెట్టి అలాగే చుట్టాను. రెండూ కవలపిల్లల్లా తయారయ్యాయి.

"పేర్లు రాయమ్మా" అంది అమ్మాయి.

"ఎందుకే, చెప్తే తెలీదా?" అన్నాను.

బ్యాగుకు అటొక జేబు, ఇటొక జేబు. మల్లయ్య అటు, నేనిటు, ఎదురెదురుగా నిలబడ్డాం. "ఎడమవైపుది ప్లీడరు గారికి, కుడివైపుది మీ ఇంటావిడకు. ఏదీ, ఒప్పజెప్పు."

తడుముకోకుండా ఒప్పజెప్పాడు.

ఇన్నేళ్లూ పిల్లలకు ఎదురుగా నిలబడి డ్రిల్లు చేయించినదాన్ని. ఎడమ అంటే ఎదుటివాళ్ల ఎడమే నాకు. మల్లయ్యేమో మర్యాదస్తుడు. టీచరమ్మ చెప్పిందంటే ఆమె ఎడమేనని, నా వైపు నుంచి లెక్క వేసుకున్నాడు.

గడువు ఆఖరి రోజున తమ్ముడి ట్రంకాల్. "అక్కయ్యా, నీ అభ్యంతరం పూలతో ఉంది. జడ్జి గారికి ఏ సెక్షను కింద చూపించమంటావు?"

అప్పటికి మల్లయ్య ఊరు చేరాడు. అక్కడ పొట్లం విప్పిన భార్య కోర్టు కాగితం చూసి, మొగుడు తనను వదిలేస్తున్నాడని వీధిలోకి వచ్చి ఏడ్చిందట. పెద్దమనుషులు చేరి, ఎవరో చదువుకున్నాయనతో మొదటి నుంచి చివరిదాకా చదివించాక గాని ఆమె శాంతించలేదట.

మొన్న మల్లయ్య తిరిగొచ్చి కాగితం నా చేతిలో పెట్టాడు. "ఫికర్ చెయ్యకుండ్రి టీచరమ్మా. మా ఊరోళ్లందరు విన్నరు. ముసలామె అడిగింది న్యాయమే, పాత వడ్డీనే ఇయ్యాలె అన్నరు."

కొత్త బాండ్లు కూడా వచ్చేశాయి, తక్కువ వడ్డీతో. అయినా ఓడిపోయానని ఎందుకనాలి? తీర్పు నా వైపే వచ్చింది. ఊరే వేరు.