ఓడినవాళ్ళ ఇంట్లో ప్రార్థన

మహబూబాబాద్‌లో పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పాను. తర్వాత జనగామ కోర్టులో నల్లకోటు వేసుకున్నాను. ఇప్పుడు రాజకీయ నాయకుల ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేస్తున్నానంటే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకూ నవ్వొస్తుంది. కోర్టు వరండాలో నాయకుల తగాదాలు చూసీ చూసీ, వీళ్ళకు వకీలుకంటే ముందు పక్కన కూర్చునే మనిషి కావాలనిపించింది. అలా మొదలైంది ఈ పిచ్చి.

మా ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. "మిమ్ముల ఓట్ల కోసమే పిలుస్తున్నరు. ఈ ఎలక్షన్లల్ల ఒక్కరన్న ఓట్ల ముచ్చట లేకుంట ప్రార్థన అడుగుతె సరే. లేకుంటె మళ్ల కోర్టుకు పోవుడే" అంది. సరేనన్నాను గానీ, అలాంటివాడు దొరుకుతాడన్న నమ్మకం లేదు. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఏ ఇంటికి వెళ్ళినా ముందు శాలువా, తర్వాత ఫోటో, ఆ వెంటనే "సార్, మీ చర్చి సంఘంల ఎన్ని ఓట్లుంటయి?" అనే ప్రశ్న. నాకు ఒళ్ళు మండేది. శాలువా అక్కడే మడిచిపెట్టి వచ్చేవాణ్ణి.

సర్పంచ్ ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. భూపాలపల్లి దగ్గర ఒక ఊళ్ళో పోటీ చేసినవాడు, బడిలో నా దగ్గర చదువుకున్నవాడే. "సార్, ఓడిపోయిన. జర ఇంటిదాక వస్తరా?" అన్నాడు. ఇక ఓట్ల ముచ్చట ఉండదని సంతోషమేసింది; వాడు ఓడిపోతే నాకు సంతోషమేమిటని నన్ను నేను తిట్టుకుంటూనే బస్సెక్కాను. దారిలో మా ఆవిడకు ఫోన్ చేసి చెబితే, "ముందుగాల పోన్రి, ఏమడుగుతడో చూద్దాం" అంది.

ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. కుర్చీలన్నీ ఖాళీ. వాళ్ళావిడ టీ ఇచ్చింది. ఓట్ల ముచ్చటే లేదు, ప్రార్థన చేయమన్నాడు. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం. నాకు కోర్టు అలవాటు ఎక్కడ పోతుంది? "ప్రభువా, ఈ బిడ్డ తప్పేమీ లేదు, ఊరి కోసం కష్టపడ్డాడు, మనుషులే మోసం చేశారు" అని గట్టిగా వాదిస్తున్నాను. మధ్యలో వాడు నా మోకాలు తట్టాడు.

"ఆగున్రి సార్. నా తరఫున వాదించకున్రి, ఆయనకు అన్ని ఎరుకే. గెలిచినాయన మీద నేను ఊరంత అబద్ధం చెప్పిన. గది చెప్పున్రి."

"నేను చెప్పడమేంటిరా, నువ్వే చెప్పు" అని బడిలో గదమాయించినట్టే గదమాయించాను. తడబడుతూ, ఏడుస్తూ, తనే చెప్పుకున్నాడు. నాకు లేచి గంతులేయాలనిపించింది.

మొహం కడుక్కుని చెప్పులేసుకున్నాడు. "ఇగ ఆయనింటికి పోదాం. నలుగురిల చెప్పాలె. తోడు రాన్రి సార్."

అక్కడ డప్పులు, గులాల్, భోజనాల సందడి. మమ్మల్ని చూడగానే డప్పులు ఆగిపోయాయి. "అన్నా, నీ మీద నేను చెప్పిందంత అబద్ధం" అన్నాడు మావాడు, అందరికీ వినపడేటట్టు. గెలిచినాయన ముందుకొచ్చాడు. వాడి చెయ్యి పట్టుకుని, "పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా? పా, ముందు తిను" అంటూ భోజనాల దగ్గరికి లాక్కుపోయాడు. డప్పులు మళ్ళీ మోగాయి.

నేను చేతులు కడుక్కుంటుంటే ఆ గెలిచినాయనే వెనకాల వచ్చి నిలబడ్డాడు. మెల్లగా అడిగాడు:

"సార్, మీరు ఓడినోళ్ల ఇంటికే పోతరా? గెలిచినోనికి గూడ భయమైతది. జర నా కోసం గూడ ప్రార్థన చేయున్రి."