సాయిబు పెదనాయన జైలు సాక్ష్యం

మొన్న ఆత్మకూరులో బస్సు కోసం నిలబడి, స్వాతంత్ర్య యోధుల పేర్లు చెక్కిన రాయి చదివాను. మా నాయన పేరు పైనుంచి రెండోది. సాయిబు పెదనాయన పేరు మాత్రం లేదు. ఎందుకు లేదో చెప్పగలిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆయన మాకు చుట్టం కాదు. నాయన ఆయన్ని అన్నా అని పిలిచేవాడు కాబట్టి మాకు పెదనాయన అయ్యాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా సంతసంతకూ తిరిగి, తెల్లదొరల మీదికి జనాన్ని కదిలించింది ఆయనే. నాయన ఆయన వెనక జెండా మోసినవాడు. ఆయన ఉపన్యాసం తెలుగులో మొదలై, కోపం వచ్చేసరికి ఉర్దూలోకి దిగేదట. ముక్క అర్థంకాని రైతులే ఎక్కువ చప్పట్లు కొట్టేవారట. వేరే దేశం కావాలన్న సొంతవాళ్లు ఎంత తిట్టినా ఆయన దారి మార్చుకోలేదు. పట్టుబడినప్పుడు, సర్కారు ఉద్యోగంలో ఉన్న తన సొంత అన్నకు ముప్పు రాకూడదని పోలీసులకు మారుపేరు చెప్పాడు. ఆ పేరుతోనే నాయనతో కలిసి ఒకే గదిలో జైలుశిక్ష అనుభవించాడు.

డెబ్బైల్లో సర్కారు యోధులను గుర్తించడం మొదలుపెడితే, పెదనాయన కూడా అర్జీ పెట్టాడు. రికార్డుల్లోని మారుపేరు ఆయనదేనని తోటి ఖైదీ ఎవరైనా రాసివ్వాలన్నారు. ఆ గదివాళ్లలో బతికున్నది నాయన ఒక్కడే. అయితే అంతకుముందే పంచాయతీ సమితి ఎన్నికల్లో పెదనాయన మా ఎదుటి పక్షానికి ఓట్లడిగాడు. ఆఫీసు నుంచి విచారణ కాగితం వచ్చిన రోజు నాయన నన్ను పిలిచాడు. అప్పటికే నేను టీచరుద్యోగం చేస్తున్నాను, ఇంట్లో ఇంగ్లీషు రాతకోతలన్నీ నావే.

"ఆ పేరుగల మనిషెవరో నాకు తెలీదని రాయి."

"పెదనాయనే గదా నాయనా?"

"మనకు ఎదురు తిరిగినోడికి నేను సాక్ష్యం చెప్పాల్నా? రాయమ్మే."

రాశాను. అక్షరాలు గుండ్రంగా కుదిరాయి కూడా. ఆ కుదిరినందుకే ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

అర్జీ కొట్టేశారని తెలిశాక పెదనాయన ఒక ఉదయం మా ఇంటికి వచ్చాడు. నేను మజ్జిగ ఇస్తే అందుకోలేదు. అరుగు మీదున్న నాయన ఎదుట నిలబడి మెల్లగా అడిగాడు.

"ఆ గదిలో నేను లేకుంటే, మీ అమ్మ పోయిన కబురొచ్చిన దినం నువ్వు ఎవుర్ని పట్టుకొని ఏడిచినావురా?"

పెదనాయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు, మళ్లీ మా గడప తొక్కలేదు.

ఎనభైల్లో ఆయన పోయాడు. జెండా కప్పలేదు, అధికారులెవరూ రాలేదు. నాయన ఎవరూ పిలవకుండానే ఖబరస్థాన్‌కు వెళ్లి, అందరితోపాటు మూడు పిడికెళ్ల మట్టి వేసి వచ్చాడు. కాళ్లయినా కడుక్కోకుండా కూర్చుని, "కాగితం తీయమ్మే, ఈసారి నిజం రాయి" అన్నాడు. రాశాను. మనిషే లేనప్పుడు ఇదెందుకని ఆఫీసులో తీసుకోలేదు. అబద్ధాన్ని ఒక్క పూటలో రాసిన నేను, నిజం రాసేసరికి పదేళ్లు దాటిపోయాయి.