ఊదుబత్తి తగిలిన బెల్టు

చెట్లు కొట్టే పనికి దిగినప్పుడు నేను మొదట కొన్నది రంపం కాదు. మా వాడకట్టులో అది అందరికీ నవ్వులాటయింది. చెట్లు కొడతానంటాడు, రంపం లేదట, బెల్టు ఉందట అని. నా లెక్క వేరు. రంపం అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. పైన నన్ను పట్టుకునే వస్తువు మాత్రం నాకు తెలిసినవాళ్లెవరి దగ్గరా లేదు.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. చదువు అయ్యేసరికి కామారెడ్డిలో ఇండ్లు పెరిగి, ఒకప్పుడు పెరటి చివర నిలబడ్డ చెట్లు పక్కింటి స్లాబు మీదికి వచ్చేశాయి. కొమ్మ కొట్టిద్దామంటే మనిషి దొరకడు. దొరికేది రామారెడ్డి అనే ఊరి నుంచి బండి మీద వచ్చే ఒక అన్న. నడుముకు లారీ తాడు చుట్టుకుని, ఉత్త కాళ్లతో ఎక్కి, ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో రంపం పట్టుకుని కోసేవాడు. ఆయన వెంట కింద తాడు పట్టే పనికి కుదిరాను. కోసే కొమ్మకు తాడు ఎక్కడ కట్టాలి, ఎటు గుంజాలి, ఎప్పుడు వదలాలి, ఇవన్నీ కిందనుంచే నేర్చుకున్నాను. ఇక మిగిలింది పైకి ఎక్కడం. దానికి అడ్డం మా అవ్వ.

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. బీడీలు చుడుతుంది. ఆమె తమ్ముడు, అంటే నా మేనమామ, చింతకాయ దులపబోయి చెట్టు మీదినుంచి పడ్డాడు. ఇప్పటికీ కుడికాలు ఈడుస్తూ నడుస్తాడు. అందుకని ఆమె మాట ఒకటే.

"కింద ఉండి ఎంత పనన్న చెయ్యి కొడుకా. మీదికి ఎక్కుడైతే, నిన్ను పట్టుకునేదేందో ముందు నా కండ్లతోని సూడాలె."

బాపును, అంటే నాన్నను, అడిగితే, "మీ అవ్వ ఏమంటే గదే" అని బీడీ ముట్టించుకున్నాడు.

కాబట్టి నాకు కావలసినవి రెండు: మంచి బెల్టు, దాన్ని చూసి అవ్వ చెప్పే సరే. చేతిలో ఉన్నది తక్కువ. తక్కువలో ఎలా కొనాలో ముందే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రాణం మోసేవన్నీ కొత్తవే కొనాలి, వాటి మీద ఎంత బరువుకు పరీక్ష చేశారో ముద్ర ఉండాలి. కొమ్మను మోసేవి, కోసేవి పాతవైనా ఫరవాలేదు. మొదటి వరుసలో బెల్టు, తాడు, హుక్కులు, గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్. రెండో వరుసలో రంపం, నిచ్చెన, గ్లౌజులు. పైకొమ్మ మీదుగా సన్న తాడు విసరడానికి ఇసుక సంచి కావాలి. అది అవ్వ నా పాత ప్యాంటు కాలు కత్తిరించి కుట్టింది. దేనికని అడగకుండానే కుట్టింది.

స్టేషన్ దగ్గరి హార్డ్‌వేర్ దుకాణంలో బెల్టు ఉంది. వీపు వెనక ఒక్కటే రింగు.

"గీ బెల్టుతోనే పెద్దపెద్ద బిల్డింగులు కడుతున్నరు తమ్మీ. నీ చెట్టు దానికన్న ఎత్తా?" అన్నాడు సేటు.

ఎత్తు సంగతి కాదు. వీపు మీది రింగు మనిషి పడ్డాక ఆపుతుంది. చెట్టు మీద పనిచేసేవాడు పడకముందే తాడులో కూర్చోవాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అంటే తొడలకు పట్టీలు ఉండాలి, నడుముకు అటొకటి ఇటొకటి రింగులు, ముందు ఒక రింగు ఉండాలి. పక్క రింగులకు పొట్టి తాడు తగిలించి మాను చుట్టూ తిప్పుకోవాలి. ముందు రింగుకు పైనుంచి వచ్చే పెద్ద తాడు. రంపం పొరపాటున ఒక తాడును కోసినా ఇంకొకటి పట్టుకుంటుంది. సేటు అంతా విని, "ఇంత సదువుకొని చెట్లెందుకు ఎక్కుడు?" అన్నాడు. అదే దుకాణంలో రంగురంగుల హుక్కులు వేలాడుతున్నాయి. వెనక్కి తిప్పి చూస్తే, బరువు మోయడానికి కాదు అని వాటి మీదే అచ్చు వేసి ఉంది.

ఫోన్లో చూస్తే చవకవి కుప్పలు. ఫోటోలు బాగున్నాయి, ముద్రలు లేవు. చివరికి హైదరాబాద్ బస్సెక్కి, రాణిగంజ్‌లో కార్ఖానాలకు సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, పైపైన మెరుపులేమీ లేని సాదా రకం కొన్నాను. ముద్ర ఉంది, మూడు రింగులూ ఉన్నాయి. తాడు, మర తిప్పి మూసే హుక్కులు, హెల్మెట్ కూడా అక్కడే. దాచుకున్నదంతా అయిపోయింది. రంపం మాత్రం అన్న తన పాతది ఇచ్చాడు. దాన్ని నేనే ఆకురాయి పెట్టి పదును చేసుకున్నాను.

ఇంటికి రాగానే వాకిట్లో రేకుల కింది ఇనుప దూలానికి తాడు వేసి, బెల్టు కట్టుకుని, కాళ్లు నేలకు తగలకుండా కూర్చున్నాను. అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం ఆపి చూసింది.

"చాయ్ తెచ్చియ్యి అవ్వా, గిట్లనే తాగుత."

సగం గ్లాసే పోసి తెచ్చింది. ఎందుకని అడిగితే, "నువ్వు పడ్డా చాయ్ ఎక్కువ ఒలకది" అంది. తాగి గ్లాసు ఇచ్చాను. నవ్వింది. "మంచిగనే పట్టుకున్నది" అంది. మనిషెత్తు కొమ్మల మీద కూర్చుని, లేచి, తిరిగి, తలకిందులుగా వేలాడి చేతులకు అలవాటు చేసుకున్నాను. మొదటి పెద్ద పని కూడా కుదిరింది. ఎల్లారెడ్డి ఊళ్లో ఒక కిరాణా ఆయన ఇంటి వేపచెట్టు. పెద్ద కొమ్మ ఒకటి వంటింటి గూన పెంకుల మీదికి వంగింది. దాన్ని ముక్కముక్కగా కోసి, తాడుతో మెల్లగా దించాలి. లారీ తాడు కట్టుకుని ఆ కొమ్మ మీదికి అన్న కూడా పోనన్నాడు. బెల్టు ఉన్నది కనుక నేను ఎక్కుతాను, ఆయన కింద తాడు పడతాడు. దసరా మర్నాడు వస్తామని చెప్పాము.

దసరా నాడు మా ఇంట్లో పనిముట్లకు పూజ. గోడ వారన బాపు పార, గడ్డపార, అవ్వ బీడీ చాట, ఆకు కోసే కత్తెర, ఈసారి నా బెల్టు, తాడు, హెల్మెట్. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. పూజ చేసిన పనిముట్టును తెల్లారేదాకా ఎవరూ ముట్టరు. ఎప్పుడూ ఊదుబత్తులు అరటిపండుకు గుచ్చుతారు. ఆరోజు నేను జమ్మి ఆకు తెచ్చి అవ్వ చేతిలో పెట్టి కాళ్లు మొక్కి లేచేసరికి, రెండు ఊదుబత్తులు నా బెల్టుకే గుచ్చి ఉన్నాయి. ఎడమపక్క రింగు దగ్గర పట్టీ మడతవేసి కుట్టిన చోట. అవి మొదలుదాకా కాలిపోయాయి.

"నిన్ను మోసేది గదే కద బిడ్డా. దాని దగ్గరనే పెట్టిన" అంది అవ్వ.

వంగి చూశాను. పెసరగింజంత తూట్లు రెండు, అంచులు నల్లగా, నున్నగా, గట్టిగా. ప్లాస్టిక్ నార వేడికి కాలి బూడిద కాదు, కరిగి గడ్డకడుతుంది. కుట్టు దారం రెండు వరుసలు తెగింది. ఎంత బలం పోయిందో చెప్పే యంత్రం నా దగ్గర లేదు. చెప్పలేనప్పుడు ఆ పట్టీకి అసలు బలమే లేదని లెక్క వేయాలి. నా కాళ్ల కింద ఉండబోయేది గాలి.

చెప్పకపోతే అవ్వకు తెలియదు, పని చేజారదు. ఆ ఆలోచన నాకు తట్టింది కాని మనసులో నిలబడలేదు. బెల్టును కళ్లతో చూస్తేనే ఎక్కమంటానన్నది ఆమె.

"అవ్వా, ఇది ఇగ పనికిరాదు. రేపు కోసి పారేస్త."

ఆమె ముఖం మాడింది. "పండుగ పూట గదేం మాట? పూజ చేసిన వస్తువును కోస్తవా? గట్ల కోసినంక నీకేదన్న అయితే?" లోపలికి పోయింది. ఆరోజు బక్ష్యాలు ఎవరికీ రుచించలేదు.

తెల్లారి అన్న బండేసుకుని వచ్చాడు. సంగతి విని బెల్టు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు.

"గీ రెండు సుక్కలకా ఇంజనీరూ? నా అంగికి ఇంతకన్న పెద్ద తూట్లున్నయి. నేను పడ్డనా?"

"అంగి నిన్ను పట్టుకుంటలేదు కదన్నా."

"సరే, నువ్వెక్కకు. నాకియ్యి, నేనెక్కుత. పడితే నేనే పడుత. కోసి పారేసేదానికన్న నయం కాదా?"

పాడైన బెల్టును మూలకు పడేయకుండా ముక్కలు చేయాలనేది అందుకే. మూలన ఉన్నదాన్ని ఎవరో ఒకరు కట్టుకుంటారు. నేను ఇది చెప్పేలోపే, అరుగు మీద ఆకు కోస్తున్న అవ్వ లేచి వచ్చింది.

"ఏదీ, నన్ను సూడనియ్యి."

బీడీ ఆకును చూసినట్టే బొటనవేలితో తూటు చుట్టూ తడిమింది. వంచింది. గడ్డకట్టిన అంచు టక్కున పగిలి, లోపలి నారలు నాలుగు పైకి లేచాయి. 

"మాడిన ఆకు తడిపినా మెత్తగ గాదు. సుడితే గక్కడనే పలుగుతది" అంది. ఎవరితో అన్నదో తెలియదు. తర్వాత, "పండుగ నిన్నటితోని అయిపోయింది" అని, చేతిలో ఉన్న కత్తెర పట్టీకి పెట్టింది.

ఆకు కోసే కత్తెర దానికి లొంగలేదు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. పళ్లు బిగించి నములుతున్నట్టు కోసింది.

"పెద్దమ్మా, నాకియ్యమంటే కోస్తున్నవు!" అన్నాడు అన్న.

"నీకు గూడ రామారెడ్డిల ఒక అవ్వ ఉన్నది కదరా."

అన్న చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. తెగిన పట్టీ అవ్వ చేతిలో, మిగతా బెల్టు నేల మీద. ఇనుప హుక్కులు తీసి దాచాను, వాటికి ఏమీ కాలేదు. తాడును మొదటినుంచి చివరిదాకా జానెడు జానెడు వేళ్ల మధ్య నలిపి చూశాను. అంటింది పసుపు ఒక్కటే. మంచినీళ్లతో కడిగి నీడన ఆరేశాను.

ఎల్లారెడ్డి ఊరికి ఫోన్ చేశాను. కిరాణా ఆయన గొంతు పెంచాడు.

"దసరా అయినంక అంటిరి. వేరేటోళ్లను పిలుచుకుంట తమ్మీ!"

"పిలుచుకోండి కాకా. ఇయ్యాల వచ్చి నిచ్చెన అందిన కొమ్మలు తీసేస్తం. వంటింటి మీదిది మాత్రం బెల్టు వచ్చినంకనే. గూన ఒక్కటి పలగకుండ దింపుత."

సణిగాడు కాని ఒప్పుకున్నాడు. ఆ రోజు కింది కొమ్మలు తీశాము. తర్వాత కొన్నాళ్లు అన్న వెంట కింద పనులే చేసి, మళ్లీ రాణిగంజ్ పోయి అదే బెల్టు తెచ్చాను.

మళ్లీ అదే దూలం. కూర్చున్నాను. ఈసారి అవ్వ దూరంనుంచి చూడలేదు. దగ్గరికి వచ్చి కుట్టు కుట్టునూ తడిమి, పక్క రింగు రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు లేపి తన బరువంతా వేసి వేలాడింది. ఇద్దరం కలిసి ఊగాము. బాపు గడపలో నిలబడి, "దూలం గూడ కొత్తది తేవాలె" అన్నాడు. ఆమె దిగి, చీర సర్దుకుని, లోపలికి పోయి గ్లాసు నిండా చాయ్ తెచ్చి ఇచ్చింది.

"పో" అంది.

ఎల్లారెడ్డి వేపచెట్టు మీద, పొట్టి తాడు మానుకు, పెద్ద తాడు పైకొమ్మకు వేసుకుని కూర్చుంటే, కింద గూన పెంకుల వరుసలు ఒక్కొక్కటి లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించాయి.  చేతులు రెండూ పనిలోనే ఉన్నాయి. కోసిన ప్రతి ముక్కనూ అన్న తాడు మీద మెల్లగా వాకిట్లోకి దించాడు. చివరి ముక్క దిగాక కాకా నిచ్చెన వేసుకుని తానే గూన చూసి వచ్చాడు. సోడాలు తెప్పించాడు.

నేను బెల్టు విప్పుతుంటే అన్న పక్కన నిలబడి తొడ పట్టీని రెండు వేళ్లతో లాగి చూశాడు.

"ఈసారి పట్నం పోయినప్పుడు నన్ను గూడ తోల్కపో తమ్మీ."

"నా పాతది కోసినందుకు కోపం పోయిందా?"

"నాకు పాతదొద్దు" అన్నాడు. "కొత్తదే కావాలె. తెచ్చినంక మీ ఇంటికే వస్త. మీ దూలానికి ఏలాడుత, మీ అవ్వను సూడమను."